బండ్ల బాటకు తాళం

నేను గీసిన దారి నన్నే ముంచింది. అదీ మా టీములో జూనియర్ ఎదురుగా.

సంగతేంటంటే, కొంపల్లికి మారినప్పట్నుంచీ ఆదివారం పొద్దున్నే సైకిలు తీయడం అలవాటైంది. మేడ్చల్ వైపు నుంచి శామీర్‌పేట చెరువు దాకా వెళ్ళి రావాలని మా ప్లాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు ఉంది కానీ, టిప్పర్ల దుమ్ము మింగుతూ ఎవడు తొక్కుతాడు? ఫోన్లో మ్యాపేమో అడవిలోంచి సన్నటి గీత ఒకటి చూపించింది. నాలుగు కిలోమీటర్లు కలిసొస్తుంది. ఇంకేం, దిగిపోయాం. కాస్త దూరం పోయాక ఇనుప గేటు, గేటుకి గొలుసు, గొలుసుకి తాళం. అవతల వేపచెట్టు కింద కూర్చున్న వాచరు లేచొచ్చి "ఇది రిజర్వు సార్, ఇట్ల పోనియ్యం. ఎన్కకు పోండ్రి" అన్నాడు, మర్యాదగానే. "మ్యాపులో ఉంది కదన్నా" అని ఫోను చూపించాను. ఆయన ఓసారి ఫోన్లోకి తొంగి చూసి, "మ్యాపుల ఉంటే మ్యాపు మీదనే పోండ్రి మరి" అన్నాడు :)

తిరిగొస్తుంటే ఊరి చివర మేకలు కాస్తున్న పెద్దాయన ఆపాడు. సంగతి చెబితే నవ్వి, "అది మా తాతలనాటి బండ్ల బాట బిడ్డా. అవుతలి ఊరికి అట్లనే పోతుంటిమి. ఇప్పుడు మేకలను గూడ రానిస్తలేరు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ గీత ఎవడు గీశాడో చూద్దామని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచాను. ఎడిట్ చరిత్రలో నా పేరే ఉంది. 2021లో రెండో లాక్‌డౌన్ అప్పుడు, తోచక, ఉపగ్రహ చిత్రం ముందేసుకుని కనబడిన ప్రతి మట్టిదారినీ గీసేసిన రోజులవి. పెట్టిన ట్యాగు ఒక్కటే: హైవే=ట్రాక్. గేటు సంగతి లేదు, ఎవరు పోవచ్చో లేదో లేదు. పైనుంచి చూస్తే దారి కనబడుతుంది గానీ తాళం కనబడదు కదా.

సరే, తప్పు నాదే, దిద్దేద్దాం అని కూర్చున్నాను. ఐదు నిముషాల పని అనుకున్నది మూడు వారాలు పట్టింది. ఎందుకంటే "ఈ దారిన ఎవరు పోవచ్చు" అన్న గడిలో ఏం రాయాలో తేల్చుకోవాలంటే, వాచరు మాట రాయాలా, మేకల పెద్దాయన మాట రాయాలా అన్నది తేలాలి. ఆ ఇద్దరి మధ్యా దాదాపు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చదివిందంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఈ మ్యాపు సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలకి డబ్బులు కట్టాలి, షరతులు ఒప్పుకోవాలి. ఆ బాధ పడలేక, వికీపీడియా లాగా జనమే మ్యాపు గీసుకుంటే పోలా అన్నది ఆలోచన. 2007లో ఏఎన్‌డీ అనే డచ్చి కంపెనీ తన దేశంతో పాటు ఇండియా, చైనాల ప్రధాన రహదారుల డేటా కూడా దానమిచ్చింది. మన దేశపు పెద్ద రోడ్లు కొన్ని ఆ మ్యాపులోకి అలా వచ్చాయి. చిన్న దారులు మాత్రం మనలాంటి వాళ్ళు జీపీఎస్‌తో తిరిగో, 2006 నుంచి యాహూ, 2010 నుంచి బింగ్ ఇచ్చిన ఉపగ్రహ చిత్రాల మీదో గీసినవి. ఇవాళ మనం వాడే సైక్లింగు, ట్రెక్కింగు యాపుల్లో చాలావాటి కింద ఉన్నది ఈ డేటాయే.

ఇందులో ప్రతి దారికీ రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి, అది ఎలాంటి దారి: తారురోడ్డా, మట్టిదారా, కాలిబాటా. రెండోది, ఎవరికి అనుమతి: యాక్సెస్ అనే ట్యాగు. దానికి విలువలు ఎస్, నో, ప్రైవేట్, పర్మిసివ్, పర్మిట్ వగైరా. డేటాబేస్ భాషలో చెప్పాలంటే రెండూ వేర్వేరు కాలమ్స్. మన సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు చూడండి. అందులో కార్ట్ ట్రాక్, ప్యాక్ ట్రాక్, ఫుట్‌పాత్ అని ఉంటాయి. అంటే బండి పోయేది, బరువు మోసే జంతువులు పోయేది, మనిషి పోయేది. మొదటి కాలమ్ మాత్రమే అన్నమాట. రిజర్వు ఫారెస్టు హద్దు చుక్కల గీతగా వేరే ఉంటుంది. ఆ హద్దు లోపలి బండిబాట మీద బండి తోలొచ్చా లేదా అని పటం చెప్పదు. పటం వాడేది ప్రభుత్వ అధికారి, ఆయన్ని ఆపేదెవరు?

రెండో కాలమ్ మ్యాపులోకి ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ ప్రైవేటు పొలంలోంచి పోయే కాలిబాట మీద కూడా జనానికి నడిచే హక్కు ఉంటుంది. ఊరికే రాలేదు ఆ హక్కు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదకి కొన్ని వందల మంది కార్మికులు కావాలనే "చొరబడ్డారు". అది దొరల వేటకి కేటాయించిన భూమి. ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కౌంటీ తన పరిధిలోని కాలిబాటల్ని సర్వే చేసి అధికారిక పటం వేయాలి. ఆ పటంలో బాట ఉంటే హక్కు ఉన్నట్టే, కోర్టులో సాక్ష్యం. యజమాని దయతలచి పోనిచ్చే బాటకి పర్మిసివ్ అని పేరు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్న పర్మిసివ్ అచ్చంగా అదే మాట. జర్మనీలో 1975 నాటి అటవీ చట్టం విహారం కోసం అడవిలోకి ఎవరైనా వెళ్ళొచ్చంటుంది. నార్వేలో 1957 నుంచి చట్టమే ఉంది. అందుకే అక్కడి మ్యాపర్లు అడవి దారి గీసి యాక్సెస్ ట్యాగు ఖాళీగా వదిలేసినా పెద్ద ప్రమాదం లేదు. ఖాళీ అంటే "నడవొచ్చు" అని అక్కడ అందరికీ తెలుసు.

మన దగ్గర ఖాళీ అంటే ఏమిటి? అసలు చిక్కంతా ఇక్కడే.

1865లో బ్రిటిషు వాళ్ళు మొదటి అటవీ చట్టం చేశారు. అది చాలక 1878లో ఇంకోటి. ఇందులో అడవుల్ని రిజర్వుడు, ప్రొటెక్టెడ్, విలేజ్ అని మూడు రకాలుగా విడగొట్టారు. మొదటి రెండిటికీ తేడా ఒక్క ముక్కలో ఇది: ప్రొటెక్టెడ్ అడవిలో నిషేధించినవి తప్ప అన్నీ చేయొచ్చు, రిజర్వుడు అడవిలో అనుమతించినవి తప్ప ఏదీ చేయకూడదు. ఫైర్‌వాల్ రూల్సు రాసిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకటి డిఫాల్ట్ అలౌ, ఇంకోటి డిఫాల్ట్ డినై. జర్మనీ వాడి ఖాళీకీ నా ఖాళీకీ అర్థం పూర్తిగా తలకిందులు. నేను డిఫాల్ట్ డినై ఉన్నచోట ఏ రూలూ రాయకుండా వదిలేశాను. యాపు దాన్ని డిఫాల్ట్ అలౌ అనుకుంది.

అయితే ఈ డిఫాల్టు ఎప్పట్నుంచో ఉన్నది కాదు, ఒకరు మార్చినది. అది మారుతున్నప్పుడు ఎదురు చెప్పినవాళ్ళు సాక్షాత్తూ ప్రభుత్వంలోనే ఉన్నారు. 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డు, ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి హద్దుల్లో లేని అడవంటూ దాదాపు లేదని, వాటిలో ఊళ్ళవాళ్ళకి హక్కులున్నాయని వాదించింది. వాదన నెగ్గలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాని ఫలితాలు మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నవే, కాకపోతే "దారి మూసేయడం" అనే కోణంలో చదవలేదు. పల్నాడులో అడవిలో పశువుల్ని మేపుకుంటే పుల్లరి కట్టమన్నారు. కట్టమని ఊళ్ళకి ఊళ్ళు ఎదురు తిరిగాయి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. అదే ఏడాది అటు మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు. అక్కడ కథ మరీ విచిత్రం. అడవిలోకి కొండవాళ్ళు పోకుండా ఆంక్షలు, అదే అడవిలోకి సర్కారు పోవడానికి రోడ్డు, ఆ రోడ్డు వేయడానికి ఆ కొండవాళ్ళతోనే కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు అలాగే చరిత్రకెక్కింది. నిజాం రాజ్యంలోనూ తేడా ఏమీ లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ ప్రాణం పోయింది అడవి మీద, పోడు మీద హక్కు కోసమే.

మరి మేడ్చల్ సంగతి? నిజాం కాలంలో ఈ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. హైదరాబాదు చుట్టూ ఉన్న ఆ జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖాతా. 1949లో అది మామూలు ప్రభుత్వ భూముల్లో కలిసింది. అడవులకి అప్పట్లో 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టం. ఆంధ్ర ప్రాంతంలో 1882 మద్రాసు చట్టం, ఇటు ఇది. రెండిటినీ తీసేసి ఉమ్మడి రాష్ట్రం 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం తెచ్చింది. తెలంగాణ వచ్చాక దాన్నే అన్వయించుకున్నారు. ఇందులోనూ రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా దూరితే నేరమే. వాచరు మాట చట్టప్రకారం కరెక్టే అన్నమాట.

కానీ చట్టంలో ఇంకో భాగం ఉంది. ఏ అడవినైనా రిజర్వు చేసే ముందు ప్రకటన ఇవ్వాలి, ఫారెస్టు సెటిల్‌మెంటు ఆఫీసరు కూర్చోవాలి, ఊళ్ళవాళ్ళు వచ్చి మాకు ఇక్కడ దారి హక్కుంది, నీటి హక్కుంది, మేత హక్కుంది అని చెప్పుకోవచ్చు. ఆయన విని ఒప్పుకున్నవి ఉంచుతాడు, మిగతావి పోతాయి. గడువులో చెప్పుకోనివి కూడా పోతాయి. దేశంలో మిగతా చోట్ల వర్తించే 1927 చట్టంలో 25వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంటుంది: రిజర్వు అడవిలో దారి మూయొచ్చు, కానీ దాని బదులు సౌకర్యంగా ఉండే ఇంకో దారి ఉండాలి, లేదా ఇవ్వాలి. కాబట్టి రిజర్వు ఫారెస్టులో ఉన్న ప్రతి పాత బాటా నిషిద్ధం అని చెప్పలేం. ఫలానా బాటకి ఆ రోజు ఎవరైనా హక్కు అడిగారా, అడిగితే రాశారా అన్నది ఫైలు చూస్తేనే తెలుస్తుంది. ఆ ఫైలు ఉపగ్రహ చిత్రంలో కనబడదు, గేటు మీదా అంటించి ఉండదు.

మన పల్లెల్లో దీనికి ఒక మాట ఉంది, "నక్షాబాట". గ్రామ నక్షలో గీసి ఉన్న బాట. ఎవడైనా పొలంలో కలిపేసుకున్నా, గోడ కట్టినా, జనం తహసీల్దారు దగ్గరికి వెళ్ళి "ఇది నక్షాబాట సారూ" అని అడిగేది అందుకే. ఇంగ్లండు వాళ్ళ 1949 పటం లాంటిదే, కాకపోతే మన దాంట్లో అడవి హద్దు దాటాక ఆ గీతకి బలం ఎంత అన్నది మళ్ళీ సెటిల్‌మెంటు ఫైలు మీద ఆధారపడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం పాత అన్యాయాల్ని సరిదిద్దడానికే వచ్చింది, మేత హక్కు కూడా అందులో ఉంది. కానీ గిరిజనులు కానివాళ్ళు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, ఆ అడవిలో ఉండి దాని మీదే బతుకుతున్నామని రుజువు చేయాలి. మేకల పెద్దాయన "తాతలనాటి" అన్నది సరిగ్గా మూడు తరాల లెక్కే. అయితే ఆయన ఉండేది అడవిలో కాదు, అడవి అంచున ఊళ్ళో.

ఇదంతా చదివి ఫారెస్టు వాళ్ళని విలన్లు చేసేస్తానేమో అనుకోకండి. ఆ గేటు ఎందుకొచ్చిందో చూడటానికి మేడ్చల్ హైవే మీద ఒక్కసారి పోతే చాలు. 158 కిలోమీటర్ల ఔటర్‌లో చివరి ముక్క, కండ్లకోయ జంక్షన్, 2018లో పూర్తయింది. దాని అటూ ఇటూ వెంచర్లే వెంచర్లు. కంచె లేని అడవి ముక్కలోకి ముందు చెత్త వస్తుంది, తర్వాత మట్టి టిప్పర్లు వస్తాయి, ఆ తర్వాత హద్దురాళ్ళు వస్తాయి. అడవి అని రాసి ఉన్నా కాపాడుకోవడం కష్టమే, రాసి లేకపోతే చెప్పక్కర్లేదు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల సంగతి 2025లో అందరం చూశాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేదాకా బుల్డోజర్లు ఆగలేదు. కాబట్టి కంచె, గేటు, వాచరు లేకపోతే ఆ పెద్దాయన మేపుకోవడానికి అడవే మిగిలేది కాదేమో. 2020లో ఖాజీపల్లి అడవిలో 1,650 ఎకరాల్ని ప్రభాస్, 2022లో చెంగిచెర్లలో 1,080 ఎకరాల్ని నాగార్జున దత్తత తీసుకున్నది అర్బన్ ఫారెస్టు పార్కుల కోసమే. ఆ పార్కుల పద్ధతి ఏంటంటే కొంత భాగంలో జనం వాకింగు చేసుకోవచ్చు, మిగతాది కంచె లోపల అడవిగానే ఉంటుంది. కండ్లకోయ ఆక్సిజన్ పార్కులోకి మనం టికెట్ కొనుక్కుని దర్జాగా వెళ్తాం. అడవి దారి మీద నడిచే అవకాశం మళ్ళీ వచ్చిందన్నమాట, కాకపోతే మేకలున్నవాడికి కాదు, స్పోర్ట్స్ షూ ఉన్నవాడికి. నాకూ షూ ఉన్నాయి, కాబట్టి గట్టిగా అనలేను.

ఇంకో చరిత్ర కూడా చెప్పాలి, అసలు మ్యాపు గీసే హక్కు ఎవరిది అన్నది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా (మన ఉప్పల్‌లో పెద్ద క్యాంపస్ ఉంది) చాలాకాలం పటాల మీద గుత్తాధిపత్యం చేసింది. 2005 జాతీయ మ్యాప్ పాలసీలో రక్షణ వాళ్ళకి వేరే పటాలు, జనానికి "ఓపెన్ సిరీస్ మ్యాప్స్" అన్నారు. అవీ ఓఎస్ఎమ్మే :) 2013లో గూగుల్ మ్యాపథాన్ పెడితే సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది, 2014లో సీబీఐ విచారణ దాకా పోయింది. 2016లో ఒక ముసాయిదా బిల్లు అనుమతి లేని మ్యాపులకి వంద కోట్ల దాకా జరిమానా అంది, నయం, అది చట్టం కాలేదు. చివరికి 2021 ఫిబ్రవరి 15న కేంద్రం నిబంధనలు సడలించి, భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే మ్యాపులు వేసుకోవచ్చంది. అది జరిగిన మూడు నెలలకే నేను ఆ దారి గీశాను. పైగా హకీంపేట, దుండిగల్ వాయుసేన స్థావరాలు రెండూ ఇక్కడికి దగ్గరే. స్వేచ్ఛ వచ్చిన ఉత్సాహంలో బాధ్యత సంగతి గుర్తు రాలేదు.

ఇక నా గడి దగ్గరికి వద్దాం. దారిని పూర్తిగా చెరిపేస్తే? అది భూమ్మీద ఉంది. ఇంకో లాక్‌డౌన్‌లో నాలాంటివాడు ఇంకొకడు ఉపగ్రహ చిత్రం చూసి మళ్ళీ గీస్తాడు, వాడికి గేటు సంగతి తెలీదు. ఇప్పుడు మనుషులే అక్కర్లేదు, 2019లో ఫేస్‌బుక్ తెచ్చిన రాపిడ్ ఎడిటర్‌లో కృత్రిమ మేధే చిత్రాల్లోంచి దారుల్ని పట్టి చూపిస్తుంది. చెరపడం అంటే తప్పుని మళ్ళీ చేయమని పిలవడమే. పోనీ గేటు ఒక్కటి పెట్టి ఊరుకుంటే? చాలా రూటింగ్ ప్రోగ్రాములు ఉత్త గేటుని లెక్కచేయవు, తెరుచుకుంటుందిలే అనుకుని దాటిపోతాయి. యాక్సెస్=నో అని ఊరి దగ్గర్నుంచి అవతల ఊరి దాకా మొత్తం పెడితే? అప్పుడు కంచె బయట, పొలాల మధ్య ఉన్న నక్షాబాటని కూడా నేనే మూసేసినట్టు. రేపు దాన్ని కలిపేసుకునేవాడు "మ్యాపులోనే నో అని ఉంది" అని చూపించినా చూపిస్తాడు. సెటిల్‌మెంటు ఆఫీసరు చేయాల్సిన పని కొంపల్లిలో టీ తాగుతూ నేను చేయకూడదు.

చివరికి చేసిందిది. దారిని మూడు ముక్కలు చేశాను. కంచె బయట రెండు కొసలూ మామూలు ట్రాక్‌గానే వదిలేశాను. గేటు ఉన్న చోట గేటు, లాక్డ్=ఎస్. కంచె లోపలి ముక్కకి యాక్సెస్=ప్రైవేట్, అంటే విడిగా అనుమతి ఉన్నవాళ్ళకే అని. దాంతో పాటు నోట్‌లో నేను వెళ్ళిన తారీఖు, అటవీ సిబ్బంది ఆపారన్న సంగతి రాశాను. చట్టం ఇదీ అని కాదు, ఫలానా రోజు నేను చూసింది ఇదీ అని. పాత రూపం ఎడిట్ చరిత్రలో ఎలాగూ ఉంటుంది. ఇక యాపు ఏ డెలివరీ కుర్రాణ్ణీ ఆ గేటు దాకా పంపదు. ఆ మాట ఎందుకంటున్నానంటే, మేం వెనక్కి తిరుగుతున్నప్పుడు ఒకడు బండి మీద ఎదురొచ్చాడు. ఫోను చేత్తో పట్టుకుని, "అన్నా, ఇటు దారుందా?" అని అడిగాడు. నేను గీసిన గీతకి వాడి పెట్రోలు, వాడి టైము ఖర్చు.

పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళి పెద్దాయన్ని కలిశాను. బాట ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయేదో చూపించమంటే కంచె దాకా నడిచొచ్చాడు. కంచె ఇవతల నించుని చేత్తో చూపిస్తూ, ఆ మర్రి దగ్గర మలుపు, ఆ పక్కన బండ్లు ఆగే చోటు, అక్కడ కుంట, ఎద్దులకి నీళ్ళు తాపేవాళ్ళం అని చెప్పుకుపోయాడు. కుంట ఒకటే మ్యాపులో ఉంది. మిగతావి రాసుకున్నాను గానీ వాటిని ఏ ట్యాగులో పెట్టాలో ఇంకా తెలీలేదు. ఊరి నక్ష కాపీ కోసం తహసీల్దారు ఆఫీసులో అడుగుదాం వస్తావా అంటే, "నువ్వు వస్తనంటే నేను వస్త బిడ్డా" అన్నాడు. వచ్చే వారం ఒకరోజు సెలవు పెట్టాను. మా మేనేజరుకి పర్సనల్ వర్క్ అని చెప్పాను.

మీలో ఎవరైనా ఇలా పైనుంచి చూసి అడవి దారులు గీసి ఉంటే, ఓ పొద్దున పోయి గేటుందో లేదో చూసి రండి. పోయినప్పుడు అక్కడ మేకలు కాసేవాళ్ళుంటే వాళ్ళని కూడా ఒక మాట అడగండి.